హిమాలయాల అడవి పట్టుపురుగు: ఒక్క ఫొటోతో పేరు తేలదు

వేసవి సెలవులు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ కొండలకు వెళ్లేవాళ్లు ఎక్కువవుతారు. వాళ్లు అక్కడి నుంచి పంపే ఫొటోల్లో మంచుకొండల తర్వాత నాకు తరచుగా కనిపించేది ఒక రెక్కలపురుగు. బస చేసిన ఇంటి వరండాలో దీపం పక్కన గోడకు అంటుకుని ఉంటుంది. రెక్కలు చాపితే అరచేతిని మించిన వెడల్పు. గోధుమరంగు ఒళ్లు, నాలుగు రెక్కల మీదా ఒక్కో గుండ్రటి కన్ను. ఫొటో కింద ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఇది ఏ పురుగు?

ఫోనులోని యాప్‌ను అడిగితే క్షణంలో ఒక లాటిన్ పేరు చెబుతుంది. అందులో మొదటి మాట, అంటే ప్రజాతి పేరు, చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. రెండో మాట, అంటే జాతి పేరు, దగ్గరే చిక్కు వస్తుంది. రంగు, తిన్న చెట్టు, అల్లిన గూడు, శరీర నిర్మాణం, క్రోమోజోములు, డీఎన్ఏ: హిమాలయాల్లోని ఈ పురుగుల విషయంలో వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. అందుకు కొంత కారణం ప్రకృతి, మరికొంత కారణం పట్టు కోసం మనుషులు చేసిన పని. ఈ చిక్కుముడిలో ఒక ముఖ్యమైన పోగు మన హైదరాబాద్ ప్రయోగశాలలోనే దొరికింది. ఆ సంగతి మన నగరంలో చాలామందికి తెలియదు. తెలియాలని నా కోరిక.

ముందు అడవి పట్టు అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో వ్యాపారానికి ఉత్పత్తి అయ్యే పట్టు నాలుగు రకాలు: మల్బరీ, దసలి (టస్సర్), ఈరి, మూగా. మల్బరీ పట్టునిచ్చే బాంబిక్స్ మోరి వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి ఎగరడమే మరిచిపోయిన పురుగు. దాని కుటుంబం వేరు. మిగిలిన మూడు పట్టులనూ ఇచ్చేవి శాటర్నిడే అనే మరో కుటుంబానికి చెందినవి. 2018లో వెలువడిన ప్రపంచ జాబితాలో ఈ కుటుంబం కింద 3,400కు పైగా జాతులున్నాయి. మనిషి వాటిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నిటినే పట్టు కోసం వాడుకున్నాడు.

ఈ కుటుంబంలోని పురుగులకు రెక్కలు వచ్చాక నోరు పనిచేయదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిని దాచుకున్న కొవ్వే వాటికి ఆధారం. ఆ కొద్ది రోజుల్లోనే జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. అందుకే గోడ మీద దొరికే పురుగు రెక్కలు తరచు అంచులు చిరిగి, పొలుసులు రాలిపోయి ఉంటాయి. గుర్తుపట్టడానికి కావలసిన సన్నని గీతలు ముందుగా చెరిగిపోయేది అక్కడే.

ప్రజాతిని తేల్చడం నిజంగా కష్టం కాదు. ఆకుపచ్చని రెక్కలు, వెనక పొడవాటి తోకలు ఉంటే ఆక్టియాస్, చంద్ర చిమ్మట అంటారు. వాటిలో ఆక్టియాస్ సెలీనె మన తెలుగు నేల అడవుల్లోనూ ఉంది. రెక్కల మీద గాజులాంటి పారదర్శక కిటికీలు త్రికోణాకారంలో ఉండి, ముందు రెక్కల కొసలు పాము తలను తలపిస్తే అది అట్లాస్. కిటికీలు నెలవంకల్లా వంగి ఉంటే సామియా, అంటే ఈరి పురుగు బంధువు. ముదురు పసుపు రెక్కలైతే లోయెపా. ఆ పసుపు పురుగులన్నిటికీ లోయెపా కటింకా అని పేరు పెట్టేయడం అలవాటైపోయింది కానీ అందులో కలిసిపోయిన జాతులు చాలా ఉన్నాయి. నాలుగు రెక్కల మీదా గుండ్రటి కన్ను, దాని నడుమ గాజులాంటి కిటికీ, ముందు రెక్కల ముందంచు వెంట బూడిదరంగు పట్టీ ఉంటే అది ఆంథీరియా. దసలి, మూగా పురుగులు రెండూ ఈ ప్రజాతివే. హిమాలయాల నుంచి వచ్చే ఫొటోల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది కూడా ఇదే.

ఆంథీరియా కంటిని లెన్స్ కింద ఒకసారి చూడాలి. మధ్యలో ఉన్న కిటికీ మీద పొలుసులు ఉండవు. మిగతా రెక్కంతా పొలుసులతో కప్పి ఉంటే, ఆ చిన్న ముక్క మాత్రం ఉత్త పొర. పురుగును కాగితం మీద పెడితే కాగితం కనిపిస్తుంది, ఆకు మీద పెడితే ఆకుపచ్చ కనిపిస్తుంది. దాని చుట్టూ సన్నని పసుపు వలయం, శరీరం వైపు గులాబీ, తెలుపు కలిసిన ఒక వంపు, బయట నల్లని గీత. కంటికి కొంచెం అవతల, రెక్క అంచుకు సమాంతరంగా ఒక ముదురు గీత నడుస్తుంది. ఆ గీత ఎంత నిటారుగా ఉంది, రెక్క కొసను ఎక్కడ తాకుతోంది, దాని బయటి అంచున లేత రంగు ఉందా అన్నవి పాత వర్గీకరణ పుస్తకాల్లో జాతి గుర్తులు. మగ పురుగు ముందు రెక్క కొస కొడవలిలా వంగి ఉంటుంది, ఆడదాని రెక్క గుండ్రంగా ఉంటుంది. మగదాని మీసాలు వెడల్పైన ఈకల్లా పరుచుకుంటాయి. దూరం నుంచి ఆడ పురుగు వాసన పట్టేది వాటితోనే.

రంగును మాత్రం నమ్మకూడదు. మన దసలి పురుగు ఆంథీరియా మైలిట్టానే తీసుకోండి. మగ పురుగులు ఎక్కువగా ఇటుక ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటే, ఆడవి పసుపుగానో బూడిదరంగులోనో ఉంటాయి. ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లే రెండు వేరు జాతుల్లా కనిపిస్తాయి. హిమాలయ జాతుల్లోనూ ఇదే తీరు. ఫొటో చూసి "పసుపుగా ఉంది కాబట్టి ఇది ఫలానా" అనే మాట ఎవరు చెప్పినా నేను అంగీకరించను. దీపం కాంతి పసుపైతే అన్నీ పసుపే.

మరి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? చోటు నుంచి, చెట్టు నుంచి.

తెలంగాణలో దసలి పురుగు పెరిగేది నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద. మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో గోదావరి ఒడ్డు అడవుల్లో దసలి రైతులు గొంగళిపురుగులను ఆ చెట్ల మీదే వదిలి, పక్షుల నుంచి, చీమల నుంచి కాపలా కాస్తారు. ఆ పురుగుకు వేడి కావాలి, ఆ చెట్లు కావాలి. ఉత్తరాఖండ్‌లో సుమారు 2,000 మీటర్ల ఎత్తున మద్ది అడవి ఉండదు. అక్కడ ఉండేది ఓక్. కింది వాలుల్లో బాంజ్ ఓక్, 2,500 మీటర్లు దాటాక ఖర్సూ ఓక్. ఆ ఎత్తులో ఓక్ అడవి పక్కన దీపానికి వచ్చిన గోధుమరంగు ఆంథీరియాను మన దసలి అనడానికి వీల్లేదు. మొదట అనుమానించాల్సింది ఆంథీరియా రాయిలీని. అది ఓక్ ఆకు తిని బతికే హిమాలయ జాతి.

అలాగని చోటును బట్టే పేరు రాసేయకూడదు. అదే కొండల కింది వాలుల్లో, తేమ ఎక్కువగా ఉండే తూర్పు హిమాలయాల్లో ఫ్రితీ, హెల్ఫెరీ, కాంప్టా, నైవెట్టీ అనే మరికొన్ని ఆంథీరియాలు తిరుగుతాయి. అస్సాం సొత్తుగా మనం భావించే మూగా పురుగు, ఆంథీరియా అస్సామెన్సిస్, కుమావూ కొండల్లోనూ కనిపిస్తుంది. రెక్కలున్న జీవి ఒక్క రాత్రిలో లోయ దాటి రాగలదు. దీపానికి వచ్చిన పురుగు ఆ చెట్టు మీదే పెరిగిందని హామీ ఏమీ లేదు. గొంగళిపురుగును చెట్టు మీద ఆకు తింటూ చూస్తే ఆ సాక్ష్యం గట్టిది. దీపం దగ్గర దొరికినదాన్ని చూసి చెట్టును ఊహించడం బలహీనమైన సాక్ష్యం.

గూడు సంగతి ఇంకా ఆసక్తికరం. నా దృష్టిలో ఫొటోలు తీసేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది దీన్నే. మహదేవ్‌పూర్ నుంచి వచ్చిన దసలి కాయను, అంటే దసలి గూడును, చేతిలోకి తీసుకుంటే దాని నిర్మాణం తెలుస్తుంది. కోడిగుడ్డు ఆకారం, వేలితో నొక్కితే లొంగని గట్టిదనం. ఒక కొసన పట్టుతోనే చేసిన తొడిమ. ఆ తొడిమ పైకి వెళ్లి గట్టి వలయమై కొమ్మను చుట్టేస్తుంది. పురుగు గూడు అల్లడానికి ముందే ఈ తొడిమను, వలయాన్ని కట్టుకుంటుంది. ఎండాకాలంలో మద్ది ఆకు రాలిపోయినా కాయ నేల మీద పడదు, కొమ్మకు వేలాడుతూ వర్షాల దాకా ఎదురుచూస్తుంది. ఆకు రాల్చే పొడి అడవిలో బతకడానికి అమరిన పద్ధతి ఇది.

రాయిలీ గూడు అలా ఉండదు. ఓక్ ఆకుల నడుమ చుట్టుకుని ఉంటుంది. పొడవాటి తొడిమ ఉండదు. పైన పలుచని పొర, లోపల బిగుతైన మరో పొర, రెండూ విడివిడిగా ఉంటాయి. ఆ రెండు పొరల నిర్మాణం వల్ల దాని నుంచి తెగకుండా దారం తీయడం కష్టం. పట్టు పరిశ్రమకు అది లోపం. పేరు తేల్చేవాడికి మాత్రం అదే మంచి ఆనవాలు.

ఖాళీ గూడు కూడా సాక్ష్యం చెబుతుంది. అట్లాస్, సామియా గూళ్లకు ఒక కొసన ముందే వదిలిన దారి ఉంటుంది. పురుగు నెట్టుకుని బయటికి వచ్చేస్తుంది. ఆంథీరియాకు అలాంటి తలుపు లేదు. లోపలి పురుగు ఒక ఎంజైమును వదిలి గూడు కొసను తడిపి, పోగుల్ని అంటించిన జిగురును కరిగించి, పోగుల మధ్య సందు చేసుకుని వస్తుంది. అందుకే దాని ఖాళీ గూడు కొస మరకపడి, పోగులు చెదిరి ఉంటుంది. చెట్టు కింద దొరికిన పాత గూడును బట్టి కూడా ప్రజాతి చెప్పవచ్చు.

అయినా గూడు కూడా తుది మాట కాదు. దసలిలోనే దాబా, సుకిందా, రైలీ, మోడల్, ఆంధ్రా లోకల్ అంటూ ప్రాంతాన్ని బట్టి ఎన్నో రకాలున్నాయి. అవన్నీ ఒకే జాతి. కాయ పరిమాణం, గట్టిదనం, రంగు మాత్రం ఒకదానితో ఒకటి పోలవు. బస్తర్ అడవుల రైలీ కాయను, మన ఆంధ్రా లోకల్ కాయను పక్కపక్కన పెడితే తెలియనివాళ్లు రెండు జాతులనే అంటారు. ఒకే జాతి లోపల ఇంత తేడా ఉన్నప్పుడు, ఒక్క గూడును చూసి కొత్త జాతి అని ప్రకటించేవాళ్ల తొందర నాకు భయం కలిగిస్తుంది.

ఇక్కడ పేర్ల చరిత్ర కొంత తెలియాలి. ఎందుకంటే పాత పుస్తకంలో ఉన్న పేరు, ఈనాటి పేరు ఒకే పురుగును సూచిస్తాయన్న నమ్మకం లేదు. 18వ శతాబ్దం చివర్లో మన సామర్లకోటలో తోటలు పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, ఆ తర్వాత కలకత్తా చేరి, 1804లో లండన్‌లోని లినేయన్ సొసైటీ పత్రికలో బెంగాల్ దసలి, ఈరి పురుగుల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. దసలికి అప్పటికే ఉన్న పాఫియా అనే పేరునే వాడాడు; అది జీవులకు రెండు మాటల లాటిన్ పేర్ల పద్ధతిని నెలకొల్పిన లినేయస్ పెట్టినది. ఈరి పురుగును చైనా పురుగు పేరైన సింథియాతో పిలిచాడు. ఈ రెండు పేర్లూ వందేళ్లకు పైగా పుస్తకాల్లో పాతుకుపోయాయి. దసలికి 1773 నాటి డ్రూరీ పేరు మైలిట్టా సరైనదా, 1758 నాటి పాఫియా సరైనదా అన్న వాదం ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. పాఫియా అనేది శ్రీలంక వైపు పురుగుకే చెందుతుందన్నది ఈ మధ్య బలపడిన అభిప్రాయం. ఈరి బంధువుల విషయంలో 2003లో వర్గీకరణ శాస్త్రవేత్తలు పైగ్లర్, నౌమన్ సామియా ప్రజాతినంతటినీ తిరిగి పరిశీలించి, హిమాలయాల్లో అడవిలో తిరిగేది కానింగీ అని, దాని నుంచి మనిషి సాకినదే రిసినీ అని వేరుచేశారు.

రాయిలీ పేరు 1859 నాటిది. ఈస్టిండియా కంపెనీ లండన్‌లో నడిపిన మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ ఆ పేరు పెట్టాడు. ఫ్రితీ, హెల్ఫెరీ పేర్లూ అతనివే. అతని ముందున్నవి భారతదేశం నుంచి పెట్టెల్లో వెళ్లిన ఎండిన పురుగులు. బతికున్న పురుగుల్ని చూసినవాడు ముస్సోరీలో స్థిరపడిన కెప్టెన్ థామస్ హటన్. అతను ఆ కొండల పట్టుపురుగుల్ని ఇంట్లో పెంచి వాటి అలవాట్లు రాసిపెట్టాడు. మల్బరీ పట్టుపురుగుకు అడవి బంధువు ఒకటి ఆ కొండల్లోనే ఉంది. దానికి 1847లో ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త వెస్ట్‌వుడ్ ఈ హటన్ పేరే పెట్టాడు. పేరు పెట్టినవాడు ఒకచోట, పురుగును పెంచినవాడు మరోచోట. వర్గీకరణలో ఆనాటి గందరగోళానికి ఈ దూరం ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఎండిన రెక్కలు ఏ చెట్టు ఆకు తిన్నదీ, ఎలాంటి గూడు అల్లినదీ చెప్పవు.

ఎండిన పురుగుతో పనిచేసేవాళ్ల అసలు ఆయుధం రెక్కలు కాదు, పొట్ట చివర. మగ పురుగు పొట్ట కొసను విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తే మెత్తటి కండ కరిగిపోయి, గట్టి జననాంగ భాగాలు మాత్రం మిగులుతాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద ఆకారాన్ని బట్టి పోలుస్తారు. రంగు వెలిసినా, రెక్క చిరిగినా ఈ భాగాలు మారవు. లోయెపా పసుపు పురుగుల్ని వేరుచేయడానికి ముఖ్య ఆధారం ఇదే. ఆంథీరియాలోనూ దూరపు జాతుల్ని ఇది చక్కగా విడదీస్తుంది. బాగా దగ్గరివాటి మధ్య మాత్రం తేడా చాలా స్వల్పం. ఫొటోలో ఇది ఎన్నటికీ కనిపించదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇక మనుషుల వల్ల వచ్చిన చిక్కు. చైనాలో ఓక్ ఆకులపై పెంచే దసలి పురుగు ఆంథీరియా పెర్నీ. దాని గూడు నుంచి దారం చక్కగా వస్తుంది. మన రాయిలీ హిమాలయాల చలికి అలవాటుపడినదే కానీ దాని గూడు దారం తీయడానికి అనుకూలం కాదు. ఈ రెండిటినీ కలిపితే రెండిటి మేలూ దక్కుతుందని రాంచీలోని కేంద్ర దసలి పరిశోధన సంస్థలో జాలీ, ఆయన సహచరులు 1960ల చివర్లో వాటిని సంకరం చేశారు. పుట్టిన పురుగుకు రెండు పేర్లూ కలిపి ప్రాయిలీ అన్నారు. జమ్మూ కశ్మీర్ నుంచి మణిపూర్ దాకా ఓక్ అడవులున్న కొండల్లో దాన్ని పెంపకానికి ఇచ్చారు. కొండ గ్రామాలకు ఆదాయం చూపాలన్న ఆ ఆలోచన మంచిదే. పెంపకం మాత్రం గదిలో జరిగేది కాదు. గొంగళిపురుగులు ఓక్ చెట్ల మీద ఆరుబయట ఉంటాయి. దొరకకుండా మిగిలిన గూడు నుంచి వచ్చిన పురుగు ఎగిరిపోతే, అదే అడవిలో అడవి రాయిలీ ఉంటుంది. వాటి మధ్య జత కుదరడానికి అడ్డేమీ లేదు.

అడ్డు ఎందుకు లేదన్నదే ఈ కథలో అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆకట్టుకునే భాగం. పెర్నీ క్రోమోజోముల సంఖ్య, అంటే బీజకణంలో ఉండేవి, 49. రాయిలీకి నమూనాను బట్టి 30 నుంచి 32. ఇంత తేడా ఉన్న రెండు జీవులకు పుట్టిన బిడ్డ గొడ్డుపోవాలి. గుర్రానికీ గాడిదకూ తేడా ఒక్క జతే, అయినా కంచరగాడిదకు పిల్లలు పుట్టవు. ప్రాయిలీకి మాత్రం తరం తర్వాత తరం పిల్లలు పుట్టారు. కొన్ని తరాలు గడిచేసరికి దాని సంఖ్య 49 దగ్గర స్థిరపడింది.

ఇందుకు కారణం సీతాకోకచిలుకలు, చిమ్మటల క్రోమోజోముల నిర్మాణంలో ఉంది. మనుషుల్లో కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమును లాగే పోగులు దాని మీద ఒకే బిందువుకు అంటుకుంటాయి. క్రోమోజోము విరిగితే ఆ బిందువు లేని ముక్క తప్పిపోతుంది. ఈ పురుగుల్లో ఆ పోగులు క్రోమోజోము పొడవునా అంటుకుంటాయి. విరిగిన ముక్క కూడా దారి తప్పకుండా వెళ్లాల్సిన చోటికి చేరుతుంది. పెర్నీలోని రెండు చిన్న క్రోమోజోములు రాయిలీలోని ఒక పెద్ద క్రోమోజోముకు సరిసమానమైనప్పుడు ఆ మూడూ ఒకచోట చేరి జతకడతాయి. 1986లో ఈ సంకరాల క్రోమోజోములను తిరిగి పరిశీలించి వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు జాలీ. మరొకరు, తర్వాత హైదరాబాద్‌లో తన పరిశోధన జీవితంలోని ముఖ్యమైన ఏళ్లు గడిపిన జె. నాగరాజు.

డీఎన్ఏ వచ్చాక ఈ గొడవలన్నీ తీరిపోతాయని అందరూ ఆశపడ్డారు. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబెర్ట్ ప్రతిపాదించిన పద్ధతిలో, కణానికి శక్తినిచ్చే భాగమైన మైటోకాండ్రియాలోని ఒక జన్యువు నుంచి సుమారు 650 అక్షరాల ముక్కను చదువుతారు. అంగట్లో సరుకు మీద ఉండే గీతల పేరుతోనే దాన్ని డీఎన్ఏ బార్‌కోడ్ అంటారు. పురుగు కాలు ఒక్కటి చాలు, జాతి పేరు దొరుకుతుందన్నది ఆశ. చాలా ప్రజాతుల్లో ఇది బాగా పనిచేసింది. పాత పేర్ల కింద దాగిన కొత్త జాతులను బయటపెట్టింది. మైటోకాండ్రియాతో ఒక ఇబ్బంది ఉంది. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. సంకరంగా పుట్టిన పురుగు కాలును చదివితే దాని తల్లి జాతి పేరు వస్తుంది, తండ్రి మాట అందులో ఉండదు. అడవి రాయిలీ, తప్పించుకున్న ప్రాయిలీ కలిసిన కొండల్లో బార్‌కోడ్ ఒక్కటే చూస్తే సగం వంశవృక్షమే కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నోస్టిక్స్ కేంద్రం, మనం సీడీఎఫ్‌డీ అని పిలిచే సంస్థ, ఈ విషయంలో ఇంకా లోతుకు వెళ్లింది. అక్కడ నాగరాజు బృందం పట్టుపురుగుల జాతుల మధ్య బంధుత్వాన్ని డీఎన్ఏ ఆధారంగా గీసి 2006లో ప్రచురించింది. అందులో రెండు ముఖ్య విషయాలున్నాయి. ఒకటి, మల్బరీ పట్టుపురుగు పుట్టుక చైనాలోని అడవి బాంబిక్స్ మాండరినా నుంచేనని తేల్చడం. రెండోది మన కథకు అసలు మలుపు: ప్రాయిలీలో మైటోకాండ్రియా తండ్రి వైపు నుంచి వచ్చిన ఆనవాళ్లు కనిపించాయి. తల్లి నుంచే వస్తుందన్న సూత్రం మీద నిలబడిన పద్ధతి, సరిగ్గా ఈ పురుగు దగ్గరే తడబడింది. అందుకే రాయిలీ కావచ్చనుకున్న పురుగు కాలు చదివి వచ్చిన పేరును తుది తీర్పుగా తీసుకోకూడదని నేను గట్టిగా అంటాను. మైటోకాండ్రియాతో పాటు కణకేంద్రంలోని డీఎన్ఏ కూడా చదవాలి. అది తల్లీతండ్రీ ఇద్దరినీ చూపుతుంది.

అదే ప్రయోగశాల 2008లో దసలి, మూగా, ఈరి పురుగుల్లో పనిచేస్తున్న జన్యువుల వివరాలను అందరికీ అందుబాటులో ఉండేలా వైల్డ్‌సిల్క్‌బేస్ పేరుతో ఒక డేటాబేస్‌గా పెట్టింది. నాగరాజు 2012 డిసెంబరులో కన్నుమూశారు. మన నగరం గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ముత్యాలు, బిర్యానీ, సాఫ్ట్‌వేర్ గుర్తుకొస్తాయి. పట్టుపురుగు వంశచరిత్ర రాసిన ఈ పని కూడా ఆ వరుసలో ఉండాలి.

ఇప్పుడు ప్రశ్న ఇంకో మెట్టు పైకి వెళుతుంది. క్రోమోజోముల సంఖ్య వేరైనా సంతానం కొనసాగుతోందంటే, రాయిలీ, పెర్నీ నిజంగా రెండు జాతులేనా? 2012లో పైగ్లర్ దీని మీద ఒక వాదన ముందుకు తెచ్చాడు. పెర్నీ అడవిలో పుట్టిన జాతే కాదని, ప్రాచీన చైనాలో రాయిలీని పెంచి, ఎంచి, తరాల తరబడి మార్చగా వచ్చినదేనని, అది పూర్తిగా పట్టు పెంపకం సృష్టించిన పురుగని అతని అభిప్రాయం. ఇది నిజమైతే రాంచీలో జరిగింది రెండు జాతుల సంకరం కాదు. ఏనాడో ఇంటి నుంచి వెళ్లిపోయిన బంధువును తిరిగి కలపడం. నాకు ఈ వాదన బలంగానే కనిపిస్తుంది. అయితే ఒక మాట. అడవి రాయిలీకి ఉన్న ఓర్పు, దాని ప్రాంతీయ వైవిధ్యం పెర్నీలో లేవు. రెండిటినీ ఒకే పేరు కింద కలిపేసి, అడవిలో మిగిలిన స్వచ్ఛమైన రాయిలీ ఎక్కడుందో గుర్తించడం మానేస్తే, రేపు పెంపకానికి కొత్త రక్తం కావలసి వచ్చినప్పుడు దాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? 30, 31, 32 అంటూ రాయిలీలోనే కనిపిస్తున్న క్రోమోజోముల తేడాలు ఒకే జాతి లోపలి వైవిధ్యమా, ఇంకా విడదీయాల్సిన జాతులా అన్నది కూడా ఈ పేరుతోనే ముడిపడి ఉంది.

కాబట్టి కొండలకు వెళ్లే మన వాళ్లకు నా వినతి ఇది. పురుగు కనిపిస్తే పైనుంచి ఒక్క ఫొటో తీసి వదిలేయకండి. రెక్కల పైవైపు, వీలైతే కిందివైపు, మీసాలు దగ్గరగా తీయండి. మీసాలను బట్టి మగదో ఆడదో తెలుస్తుంది. దాంతో రెక్క ఆకారాన్ని దేనితో పోల్చాలో తెలుస్తుంది. పక్కన కొలత తెలిసిన వస్తువు ఏదైనా ఉంటే మేలు. తెల్లటి కాంతిలో ఒక ఫొటో తప్పనిసరి. ఊరు, ఎత్తు, తేదీ, రాత్రి ఏ వేళకు వచ్చింది రాసుకోండి. మర్నాడు చుట్టూ ఏ చెట్లున్నాయో చూడండి. బాంజ్, ఖర్సూ అంటే అక్కడి వాళ్లందరికీ తెలుసు. కొమ్మల మధ్య పాత గూడు కనిపిస్తే దాని ఫొటో పురుగు ఫొటో కంటే విలువైనది. పురుగును పట్టుకోవద్దు, సీసాలో పెట్టి తేవద్దు. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో అనుమతి లేకుండా సేకరించడం నేరం. నమూనాలు తీయడం అనుమతి ఉన్న పరిశోధకుల పని.

ఇంకొక ప్రశ్న కూడా అడగండి. ఏ యాప్ అడగని ప్రశ్న అది. ఆ ఊరి టీ కొట్టు దగ్గర, బస ఇచ్చిన ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: ఈ చుట్టుపక్కల ఓక్ చెట్ల మీద పట్టుపురుగులు ఎవరైనా పెంచుతున్నారా, ఇంతకుముందు ఎప్పుడైనా పెంచారా? అవునంటే ఆ ఫొటోలోని పురుగు వంశంలో రాంచీ ప్రయోగశాల పాత్ర ఉండవచ్చు. ఎవరూ ఎన్నడూ పెంచలేదంటే ఆ లోయ రాయిలీ స్వచ్ఛంగా మిగిలిన చోటు కావచ్చు. అలాంటి చోట్లు ఎక్కడున్నాయో తెలియాలంటే ఊరి జ్ఞాపకం కంటే ముందు పనికొచ్చే సాధనం లేదు.

అలా వచ్చిన ఫొటో కింద నేను రాసే పేరు ఇలా ఉంటుంది: ఆంథీరియా, రాయిలీ కావచ్చు, మగది, బాంజ్ అడవి, గూడు చూడలేదు, దగ్గరలో దసలి పెంపకం గురించి అడగలేదు. ఈ చివరి రెండు ఖాళీలను పూరించగలిగినవాళ్లు అదే ఊరికి వెళ్లినప్పుడు పేరు పక్కనున్న "కావచ్చు"ను కొట్టేస్తారు, లేదా పేరునే మారుస్తారు.